నల్ల గొంగడికి ఎర్ర చీటీ

రాయినిపేటలో ఉన్ని రంగుల పరిశోధనా కేంద్రం పెట్టిన పెద్దమనిషి ఎవరో గానీ, మంచి మనసుతోనే పెట్టి ఉంటాడు. చుట్టుపక్కల ఊళ్లనిండా గొర్రెలు, గొర్రెల ఒంటినిండా ఉన్ని, ఆ ఉన్నితో గొంగళ్లు నేసే కురుమ కుటుంబాలు. ఇక ఒక భవనం, ఒక బోర్డు, భవనం ముందు పచ్చగడ్డి, ఆ గడ్డిలోకి గొర్రెలు రాకుండా ముళ్లకంచె ఉంటే చాలు, పరిశోధన దానంతటదే సాగుతుందని అనుకుని ఉంటాడు. సాగింది కూడా. కంచె అవతల గొర్రెలు మేస్తుంటే, కంచె ఇవతల శాస్త్రవేత్తలకు కావలసిన ఉన్ని విమానంలో వచ్చేది. ప్రయోగాలకు వాడే ఉన్ని ప్రపంచమంతటా ఒకేలా ఉండాలని ఎక్కడో నిబంధన ఉందట. అది తెల్లగా, మెత్తగా, ప్లాస్టిక్ సంచిలో సీలు వేసుకుని వచ్చేది.

డాక్టర్ వేదాద్రి ఆ కేంద్రంలో కాంట్రాక్టు శాస్త్రవేత్త. ఏటేటా కొత్త కాంట్రాక్టు, ఏటేటా అదే జీతం. భవనం వెనకాల వరసగా క్వార్టర్లు ఖాళీగా పడి ఉండేవి, వాటి తాళాలు తుప్పు పట్టిపోతుండేవి. కానీ పర్మనెంటు ఉద్యోగికి తప్ప ఇవ్వకూడదని రూలు. ఆ పర్మనెంటు ఉద్యోగులేమో నగరంలో కాపురాలుండి జీపుల్లో వచ్చిపోయేవాళ్లు. వేదాద్రి భార్య సుభద్ర, కూతురు పుట్టింట్లో ఉంటే, ఇతను ఎరువుల కొట్టు మీది గదిలో యూరియా వాసన పీలుస్తూ, ఎప్పటికైనా ఆ క్వార్టర్లలో ఒకటి తనదవుతుందని ఎదురుచూస్తుండేవాడు. సుభద్ర ఫోనులో అడిగే మొదటి మాట "తిన్నారా", రెండోది "అయ్యిందా". మూడో మాటకు ఆమెకు ఓపిక ఉండేది కాదు.

అలాగని వేదాద్రి చేతకానివాడు కాదు. ఉన్నికి రంగు పట్టించాలంటే నీళ్లు సలసల మరగాలి. బండెడు కట్టెలు తగలెయ్యాలి. ఆవిరికి కళ్లు మండుతాయి, కాస్త ఏమరిస్తే ఉన్ని ముద్ద కట్టుకుపోతుంది. వేదాద్రి నానా తంటాలు పడి అరవై డిగ్రీల వేడికే చక్కగా పట్టే ఎర్రరంగు ఒకటి తయారు చేశాడు. సీలు సంచిలోని తెల్ల ఉన్ని అందులో ముంచి తీస్తే దానిమ్మ గింజలా మెరిసింది. ఆ సాయంత్రం అతను సైకిలు మీద ఊరు చుట్టూ ఊరికే రెండు చుట్లు కొట్టాడు. చెప్పుకోవడానికి ఎవరూ లేక, ఎరువుల కొట్టు యజమానికి చెప్పాడు. ఆయన "మంచిదే" అని, అద్దె ఎప్పుడిస్తావన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పైనుంచి సర్క్యులర్ వచ్చింది. ఆ ఏడాదిని 'అల్పోష్ణ సంవత్సరం'గా పాటించాలని, ప్రతి కార్యాలయమూ తన పనుల్లో వాడే వేడిని తగ్గించుకుని, ఎంత తగ్గించిందో తెలియపరచాలని అందులో ఉంది. కేంద్రం క్యాంటీనువాడు అందరికన్నా ముందు స్పందించి ఇడ్లీలను సగం వేడి మీద దించేశాడు. వాటిని గ్లాసుల్లో పోసి ఇచ్చాడు. డైరెక్టర్ పరాంకుశరావుగారు ఒక గ్లాసు తాగి, మూతి తుడుచుకుని, "పురోగతి గోచరించుచున్నది" అన్నారు.

పరాంకుశరావుగారు చెడ్డవారు కాదు. ముప్పై ఏళ్లుగా ఫైళ్లు చదివీ చదివీ ఆయన నోట మామూలు తెలుగు రావడం మానేసింది, అంతే. కూరలో ఉప్పు తక్కువైతే ఇంట్లో కూడా "లవణ పరిమాణమును పునఃపరిశీలించగలరు" అంటారని చెప్పుకునేవారు. ఆయన వేదాద్రిని పిలిపించి, "మీ ఆవిష్కరణను స్థానిక ఉన్నిపై ప్రయోగించి ఫలితమును సత్వరమే సమర్పించవలెను. మీ పర్మనెంటు ఫైలు నా బల్ల మీదనే ఉన్నది. ఫలితము వచ్చిన మరుక్షణము అది కదులును" అన్నారు. వేదాద్రికి నేల మీద కాలు ఆనలేదు.

స్థానిక ఉన్ని తెచ్చింది ఐలవ్వ. గొంగళ్ల సంఘానికి అధ్యక్షురాలు. పెద్ద గొంతు, పెద్ద బొట్టు, ఎవరి ముందూ కుర్చీ అంచున కూర్చునే రకం కాదు. మూట తెచ్చి వేదాద్రి ముందు ధబ్బున పడేసి ముడి విప్పింది. లోపల ఉన్ని నల్లగా నిగనిగలాడుతూ ఉంది.

వేదాద్రి గుండె జారిపోయింది. ఇన్నేళ్లుగా రోజూ ఆ గొర్రెల మధ్యనుంచే బెల్లు కొట్టుకుంటూ సైకిలు మీద వచ్చాడు. అవి నల్లవని చూశాడు గానీ, వాటి ఉన్ని కూడా నల్లగా ఉంటుందన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు. ఉన్ని అంటే అతని లెక్కలో సంచిలోంచి వచ్చేది.

అప్పటికే రెండు గంగాళాలు సిద్ధంగా ఉన్నాయి. ఒకదానిలో నీళ్లు మరుగుతున్నాయి, రెండోదానిలో అరవై డిగ్రీల దగ్గర ఉన్నాయి. రెండింట్లోనూ ఎర్రరంగు కలిపి ఉన్ని ముంచారు. ఇందులోంచి నల్లగా వచ్చింది. అందులోంచీ నల్లగానే వచ్చింది. పరాంకుశరావుగారు భూతద్దం పెట్టి రెండూ చూశారు.

"వీటి మధ్య తేడా ఉన్నదా?"

"లేదు సార్. కానీ..."

"'కానీ' అనునది నివేదికలో ఉండదు. తేడా లేదు. అనగా మరిగే నీటిలో ఎంత రంగు పట్టినదో, అరవై డిగ్రీలలోనూ అంతే పట్టినది. తేడా లేదని రాయవలెను."

వేదాద్రి రెండు ముద్దలనూ మళ్లీ తిప్పి చూశాడు. వాదనలో ఎక్కడా సందు దొరకలేదు. రెండింటికీ నిజంగానే తేడా లేదు. అదే రాసి సంతకం పెట్టాడు.

ఐలవ్వ తడి ఉన్నిని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎర్రరంగు ఏస్తమంటిరి, ఎర్రగ లేదు గదా సారూ."

"రంగు లోనికి ఇంకినదమ్మా. బయటికి రానంత గాఢముగా ఇంకినది."

"ఇంకితె ఇంకనీ. మాకు నల్లగుంటెనే మంచిది. అడివి కావలోళ్లకు చలికాలం గొంగళ్లు ఇయ్యాలె, నల్లయే కావాలన్నరు. గా ఒక్క ఆర్డరు మీదనే మా ఆడోళ్లందరం ఏడాదంత బతుకుతం" అంది. అందరూ తలలూపారు. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

అరవై డిగ్రీల విజయం పైవాళ్లకు నచ్చింది. ఇంకా తగ్గించమన్నారు. నలభైకి తగ్గించారు. తేడా లేదు. పొయ్యి ఆర్పేసి కుళాయి నీళ్లతో చేశారు. తేడా లేదు. ప్రతి ప్రయోగమూ గెలిచింది. ఓడిపోవడానికి దారి లేదు మరి. ప్రతి గెలుపుకూ ఒక అభినందన లేఖ వచ్చేది, వేదాద్రి ఫైలు ఒక బల్ల మీదనుంచి ఇంకో బల్ల మీదికి జరిగేది. "కదులుతోంది" అని అతను సుభద్రకు చెప్పేవాడు. ప్రతిసారీ ఈసారి నిజం చెప్పేయాలని డైరెక్టర్ గది దాకా వెళ్లేవాడు. అక్కడ తలుపు పక్క కిటికీలోంచి క్వార్టర్లు కనిపించేవి. ఏదో సెలవు చీటీ అడగడానికి వచ్చినట్టు నటించి తిరిగొచ్చేవాడు.

అప్పుడు రంగంలోకి దిగింది వ్యయ నియంత్రణాధికారిణి హైమవతిగారు. ఖర్చు కనిపిస్తే ఆమెకు నిద్ర పట్టదు. మీటింగులో కళ్లజోడు సవరించుకుని, "వేడి తీసేసినా తేడా రాలేదు కదా, రంగు తీసేసి చూశారా?" అని అడిగింది.

వేదాద్రి నవ్వాడు. ఆ గదిలో నవ్వింది అతనొక్కడే.

రంగు తీసేసి చూశారు. తేడా లేదు. నీళ్లు కూడా తీసేసి చూశారు. తేడా లేకపోగా ఆరబెట్టే పని తప్పింది. గంగాళాలు పాత సామాన్లవాడికి అమ్మేశారు. ఇక మిగిలిన పద్ధతి ఇది: నేసిన గొంగడిని బల్ల మీద పరచాలి, ఒక అధికారి దాన్ని చూడాలి, రంగు పేరున్న ప్రభుత్వ చీటీ దాని కొసకు కట్టి సీలు వెయ్యాలి. దీనికి పరాంకుశరావుగారు స్వయంగా 'శూన్యోష్ణ నిర్జల నిర్వర్ణ వర్ణలేపనము' అని పేరు పెట్టి, ఒక్క ఊపిరిలో పలకడం సాధన చేశారు.

సంఘంవాళ్ల గొంగళ్లన్నిటికీ ఈ భాగ్యం పట్టింది. రంగు రంగుకూ లక్ష్యం ఉండేది. ఉదయం ఎరుపు, భోజనాల తర్వాత నీలం, తీరిక ఉంటే చిలకపచ్చ. ఒక నెల చివర పసుపు లక్ష్యం తగ్గిందని తెలిసి ఆ వారమంతా పసుపే పసుపు. ఐలవ్వ మొదట ముక్కున వేలేసుకుంది గానీ, పైసా ఖర్చు లేదని, "చీటీయే గదా, కట్టుకోండ్రి" అంది.

పక్క రాష్ట్రాల ప్రతినిధి బృందం చూడటానికొచ్చింది. వాళ్లు పైపైన చూసి పోయే రకం కాదు, నాణ్యత పరీక్షలన్నీ చేశారు. ఎర్ర గొంగడిని సబ్బునీళ్లలో ఉతికారు. ఎరుపు ఇసుమంత కూడా దిగలేదు. నీలం గొంగడిని వారంపాటు ఎండలో వేశారు. వెలవలేదు. చిలకపచ్చను తెల్లగుడ్డతో గీకి గీకి రుద్దారు. మరక అంటలేదు. ఇంత గట్టి రంగును తమ జీవితంలో చూడలేదని రాసిచ్చి, తమ రాష్ట్రాల్లో కూడా పొయ్యిలు ఆర్పించడానికి హడావిడిగా వెళ్లిపోయారు.

చలి మొదలవుతుండగా ఒక మధ్యాహ్నం ఐలవ్వ ఎరువుల కొట్టు మెట్లెక్కి వేదాద్రి గది ముందు నిలబడింది. మనిషి ముఖంలో ఎప్పుడూ ఉండే ధీమా లేదు.

"మా గొంగళ్లు వాపసు పంపిండ్రు సారూ."

"ఎవరు?"

"అడివి కావలోళ్లకు సామాన్లు కొనే ఆఫీసరు. నల్లయి అడిగితె ఎర్రయి, పచ్చయి, నీలంయి తెచ్చినవేందని అంటుండు. ఓ సారూ, కండ్లు పెట్టి సూడుండ్రి అన్న. సూసే అధికారం నాకు లేదు, సదివే అధికారమే ఉన్నది అన్నడు. పున్నం లోపల నల్లయి తేకుంటె మిల్లు కంబళ్లు కొంటడట." ఆమె గుమ్మంలోనే కూలబడింది. "ఏం జెయ్యాలె చెప్పు. నేసిందంత ఇంట్ల కుప్ప పడ్డది. ఆడోళ్లకు నేను ఏం ముఖం సూపియ్యాలె?"

వేదాద్రికి అన్నం సహించలేదు. తాను 'తేడా లేదు' అని రాసిన ప్రతిసారీ ఆ ఆడవాళ్ల నోటి దగ్గర ముద్ద ఒక్కొక్కటే లాగేసినట్టయింది. మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు. చీటీలు పీకేయవచ్చా అని అడిగాడు. ప్రభుత్వ ముద్ర పీకితే జైలు అన్నారు. పోనీ రంగు తొలగించవచ్చా అంటే, దానికి పద్ధతి ఉంది, నీళ్లు మరిగించాలి, మరిగించడం నిషేధం అన్నారు. పోనీ వాటికి నల్లరంగు వేసినట్టు చీటీ ఇవ్వండి అంటే, హైమవతిగారు మంజూరైన రంగుల జాబితా అంతా వెతికి అందులో నలుపు లేదంది. కొత్త రంగు చేర్చాలంటే నగరంలో ఉపసంఘం కూర్చోవాలి, ఆ ఉపసంఘానికి కూర్చోవడానికి ఇంకా గది ఇవ్వలేదు.

వేదాద్రి గుండె దిటవు చేసుకుని లేచి నిలబడ్డాడు. "సార్, అవి నల్లగానే ఉన్నాయి."

హైమవతిగారు రంగుల జాబితా మూసేసింది. పరాంకుశరావుగారు జాలిగా చూశారు. "వేదాద్రిగారూ, అధిక శ్రమ వలన మీ నేత్రములకు విశ్రాంతి అవసరమైనది" అంటూ బల్ల మీదున్న పర్మనెంటు ఫైలును మెల్లగా సొరుగువైపు జరిపారు. వేదాద్రి ఆ ఫైలును చూశాడు. కిటికీలోంచి, మెట్ల మీద కూర్చున్న ఐలవ్వను చూశాడు. అప్పుడు అతని బుర్రలో ఏదో గిర్రున తిరిగింది. నిజంతో పని జరగని చోట ఏ మాటతో జరుగుతుందో ఒక్కసారిగా అర్థమైంది.

"అంటే సార్, నల్లగా చేయడానికి వీలుందని నా మనవి. ఎరుపు, నీలం, పసుపు మూడూ కలిస్తే నలుపవుతుంది. మూడూ మంజూరైన రంగులే. ఒకదాని మీద ఒకటి వేస్తే చాలు."

పరాంకుశరావుగారు కళ్లు మూసుకుని మనసులోనే మూడు రంగులూ కలిపి చూసుకున్నారు. "శాస్త్రీయముగా ఉన్నది" అన్నారు.

"చిలకపచ్చవాటికి ఎరుపొక్కటి వేస్తే సరిపోతుంది, నీలం, పసుపు అందులో ముందే ఉన్నాయి" అంది హైమవతిగారు. చీటీలు ఆదా అయినందుకు ఆమె ముఖం వెలిగిపోయింది.

ఇక చూడాలి సందడి. అటెండర్ల నుంచి డైరెక్టర్ దాకా అందరూ వరండాలో బాసింపట్లు వేసుకుని చీటీలు కట్టారు. ఎర్రవాటికి నీలం, పసుపు. నీలంవాటికి ఎరుపు, పసుపు. ఒకాయన పొరపాటున ఒక గొంగడికి రెండు నీలాలు కట్టేసి, ఎక్కువ నల్లబడుతుందేమోనని కంగారుపడి సీలు పడకముందే ఒకటి విప్పించుకున్నాడు. సంఘం ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటూ గొంగళ్లు అందిస్తుంటే, వేదాద్రికి కూడా నవ్వు పొంగుకొచ్చి దగ్గినట్టు నటించాడు.

పున్నమికి ముందురోజు కొనుగోలు ఆఫీసరు చీటీలన్నీ చదివాడు, వేదాద్రి ఇచ్చిన రంగుల పట్టికతో సరిచూశాడు, ఆ తర్వాత గొంగళ్ల వంక తలెత్తి చూశాడు. తృప్తిగా చేత్తో నిమిరాడు.

"ఇప్పుడు నల్లగా ఉన్నాయి. మొదట్లోనే ఇలా తేవచ్చు కదమ్మా."

"అప్పుడు గీ తెలివి లేకుండె సారూ" అంది ఐలవ్వ.

బయటికొచ్చాక ఆమె మెట్ల మీద నిలబడి కడుపుబ్బ నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "నిజం చెప్పు సారూ. గా ఎర్రరంగు అసలుకే ఉన్నదా, అది గూడ చీటీయేనా?" అని అడిగింది.

ఆ మాట వేదాద్రికి చురుక్కుమని తగిలింది. తిన్నగా గదికి వెళ్లి, మంచం కింద దాచిన రంగు డబ్బా, ఉష్ణమాపకం తెచ్చాడు. ఐలవ్వ దగ్గర కాస్త తెల్ల ఉన్ని ఉంది. మందలో అక్కడక్కడా ఉండే తెల్లమచ్చల గొర్రెలది, అంచులకని దాచిపెట్టింది. ఆమె పెరట్లో పొయ్యి రాజేసి, అరవై డిగ్రీలు రాగానే కట్టెలు వెనక్కి లాగి, ఉన్ని ముంచారు. నలుగురైదుగురు ఆడవాళ్లు చుట్టూ మూగారు. కాసేపయ్యాక ఐలవ్వ కర్రతో పైకెత్తింది. నీళ్లు కారుతూ, ఎండలో భగభగలాడే ఎరుపు.

ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వేలితో తాకి చూశారు. "ఉన్నది" అంది ఐలవ్వ చివరికి. వేదాద్రి పొగ కళ్లలోకి పోయినట్టు ముఖం తిప్పుకున్నాడు. నిజానికి ఏడ్చాడు. తన రంగును ఇంకో మనిషి చూడటం అదే మొదటిసారి.

ఆ ఎర్రదారంతో అంచు వేసి ఐలవ్వ అతనికో గొంగడి నేసిచ్చింది. చలిగా ఉన్న ఒక ఉదయం వేదాద్రి దాన్ని కప్పుకుని ఆఫీసుకు వెళ్లాడు. వరండాలో ఎదురైన పరాంకుశరావుగారు రెండడుగులు వెనక్కి వేశారు.

"ఇదేమిటి? కనిపించుచున్నది."

హైమవతిగారు దగ్గరికొచ్చి అంచును వేళ్లతో పట్టుకుంది. "శూన్యోష్ణంలో చేసిన రంగేదీ ఇంతవరకు కనిపించలేదు. కనిపించిందంటే ఎక్కడో వేడి వాడారన్నమాట. ఇది ఉష్ణ దుర్వినియోగం."

అతన్ని గదిలోకి పిలిచి తలుపు వేశారు. పరాంకుశరావుగారు సొరుగులోంచి ఫైలు తీశారు. పర్మనెంటు ఆర్డరు టైపు చేసి ఉంది, సంతకం కూడా ఉంది. దాని మీద క్వార్టరు తాళంచెవి పెట్టారు. ఆయన గొంతులో మొదటిసారి మామూలు తెలుగు వినిపించింది.

"చూడు నాయనా, పెళ్లాం బిడ్డలున్నవాడివి. ఈ అంచు నలుపే అని ఒక్క ముక్క రాసి ఇది తీసుకో. ఇన్నాళ్లు రాసినవి ఏపాటి నిజాలని?"

వేదాద్రి కలం తీసుకున్నాడు. తాళంచెవికి కొత్త నూనె రాసి ఉంది. సుభద్ర ఆ గుమ్మంలో అడుగు పెట్టడం, కూతురు ఖాళీ గదుల్లో పరుగెత్తడం కళ్ల ముందు కదిలాయి. తర్వాత ఆలోచించాడు. ఇన్నాళ్లు తాను రాసినవన్నీ నిజాలే. తేడా లేదని రాశాడు, తేడా లేదు. మూడు కలిస్తే నలుపన్నాడు, అవుతుంది. ఇప్పుడు రాయమంటున్నది ఒక్కటే అసలు అబద్ధం, అదీ తన చేత్తో చేసిన ఒకే ఒక్క రంగు మీద. కాగితం మీద 'ఎరుపు' అని రాసి, తాళంచెవిని దాని మీదే పెట్టి, బయటికి వచ్చేశాడు.

గేటు దగ్గర కావలివాడు లేచి అడ్డం వచ్చాడు. కొత్తగా చేరిన మనిషి, పనిలో చాలా జాగ్రత్త.

"సారూ, గొంగడి బయిటికి పోతున్నది గదా, రాసుకోవాలె. దీని చీటీ ఏది?"

"లేదు."

"చీటీ లేకుంటె ఏం రంగని రాయాలె సారూ?"

"చూసి రాయండి."

కావలివాడు అయోమయంగా నిలబడ్డాడు. ఈ కొలువులో ఆ పని తనకెవరూ చెప్పలేదు. ఆఫీసు వైపు ఒకసారి తిరిగి చూశాడు. ఆ తర్వాత గొంగడి కొసను రెండు చేతులతో పట్టుకుని, ఎండలోకి లాగి, తిప్పి, మళ్లీ తిప్పి చూశాడు. కుర్చీలో కూర్చుని, తప్పు పోతుందేమోనని ఒక్కొక్క అక్షరమే దిద్దుతూ, 'నల్ల గొంగడి, ఎర్ర అంచు' అని రాసుకున్నాడు.